డొక్కలెగరేస్తున్నాడా?

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మా జూబ్లీ హిల్స్‌లో ఏ గేటు తట్టినా ఆ ఇంటి పిల్లల్లో ఒకరైనా పరాయిదేశంలో వుంటారు. కొండమీద బంగళాల సంగతే కాదు, కింద ఫిల్మ్ నగర్ ఇరుకు సందుల్లో సినిమా పనులు చేసుకునేవాళ్ళ ఇళ్ళలో కూడా ఒక కొడుకు కువైట్‌లోనో, ఒక కూతురు డల్లాస్‌లోనో వుంటారు. అందుకే మా వీధిలో వేళకాని వేళ ఫోను మోగిందంటే ఎవరి గుండె అయినా ఒక్కసారి ఝల్లుమంటుంది.

2022 నవంబరులో మా ఇంట్లో అలాంటి ఫోనే మోగింది. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు గంటలు. నేను పప్పులో పోపు వేస్తున్నాను. న్యూజెర్సీలో రాత్రి ఒకటిన్నర. ఫోనులో మా చెల్లెలు.

“అక్కా, బుజ్జిగాడికి మూడురోజుల్నించి జలుబు. ఇవాళ దగ్గు, గుండెల్లో పిల్లికూతలు. పాలు సరిగ్గా తాగడంలేదు. పొద్దున డాక్టరుకి చూపించాం. ఏ మందూ ఇవ్వలేదక్కా! ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసి చీమిడి లాగెయ్యమన్నారు. కనిపెట్టి చూస్తూండమన్నారు. ఈమాత్రం దానికి అమెరికా ఎందుకు?”

బిడ్డకి ఏడో నెల. ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరే. పెద్దదిక్కు లేదు.

మా అమ్మకి డెబ్భై ఆరేళ్ళు. పక్కన కూచుని గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది. నా చేతిలోంచి ఫోను తీసుకుంది. ఏం మందు వేశారని అడగలేదు. జ్వరం ఎంత వుందని అడగలేదు. ఒక్కటే అడిగింది:

“డొక్కలెగరేస్తున్నాడా?”

మా చెల్లెలు ఇంజినీరింగు చదివింది. కానీ ఆ మాట దానికి అర్థంకాలేదు. “డొక్కలెగరెయ్యడమంటే ఏమిటమ్మా?” అంది.

“వాడి చొక్కా విప్పు. లైటు వెయ్యి. పక్కటెముకల కింద చూడు. ఊపిరి పీల్చినప్పుడల్లా అక్కడ లోపలికి గుంజుకుపోతోందా? నువ్వు ఏడుపు మాని చూడు తల్లీ.”

అది కెమెరా తిప్పింది. మేమూ చూశాం. బిడ్డ నిద్రపోతున్నాడు గానీ పొట్టా రొమ్మూ కలిసేచోట గుంట పడుతోంది, లేస్తోంది, పడుతోంది. అమ్మ నాతో “గడియారం చూసి లెక్కపెట్టు” అంది. వంటింటి గోడ గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాను. అరవై నాలుగు. అమ్మ ఇంకేం మాట్లాడలేదు. “ఇంక ఇంట్లో వుంచకండి, ఆస్పత్రికి బయల్దేరండి” అంది. అంతే.

ఆ తరవాత ఏం జరిగిందో చివర్న చెబుతాను. అమ్మ అడిగిన ఆ ప్రశ్న మాత్రం నా మనసులో నిలిచిపోయింది. ఎక్కడిదా ప్రశ్న? మనవాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? దేశాలు దాటి వెళ్ళిన మన ఆడపిల్లలకి అది ఎందుకు చేరలేదు? అప్పట్నించీ దొరికిన పుస్తకాలు చదివాను. తెలిసిన డాక్టరమ్మల్ని విసిగించాను. నాకు తెలిసింది ఇవాళ మీతో పంచుకుంటాను.

ముందు మన మాటలే చూడండి. పసిబిడ్డ ఊపిరికి మన భాషలో ఎన్ని పేర్లున్నాయో! గొంతులో గురగుర, గుండెల్లో పిల్లికూతలు, కోరింత దగ్గు, పాల ఉబ్బసం, నెమ్ము చెయ్యడం, ఆయాసపడటం, ఎగశ్వాస, డొక్కలెగరెయ్యడం. వీటిలో ఏ రెండూ ఒకటి కాదు. పిల్లికూతలంటే గాలి సన్నటి గొట్టాల్లోంచి ఈలవేస్తూ బయటికి రావడం. కోరింత దగ్గంటే ఊపిరి సలపకుండా దగ్గి దగ్గి చివర్న కూతపెట్టడం. డొక్కలెగరెయ్యడమంటే ఊపిరితిత్తుల్లోకి గాలి లాక్కోవడానికి బిడ్డ ఒళ్ళంతా పనిచెయ్యడం. ఈ మాటలు ఏ వైద్య కళాశాలలోనూ పుట్టలేదు. రాత్రిళ్ళు ఉయ్యాల పక్కన మేలుకుని కూచున్న ఆడవాళ్ళు చూసి, విని, పెట్టిన పేర్లివి.

పూర్వపు వైద్యులు కూడా చూపు దగ్గరే మొదలుపెట్టారు. ఆయుర్వేదంలో పసిపిల్లల వైద్యానికి కాశ్యప సంహిత అని ఒక గ్రంథం వుంది. నేపాల్లో దొరికిన తాళపత్ర ప్రతి ఆధారంగా 1938లో అచ్చయింది. అందులో వేదనాధ్యాయమని ఒక అధ్యాయం. మాటలురాని బిడ్డ బాధ ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలన్నదే అందులో విషయం. తల అటూ ఇటూ దొర్లిస్తుంటే తలనొప్పి, చేతులు చెవులకేసి పోతుంటే చెవిపోటు, ఇలా సాగుతుంది. పసివాడు చెప్పలేడు, మనమే చదువుకోవాలి అని ఆ పెద్దల అభిప్రాయం.

ఐరోపాలో చెవికి ఆసరా దొరికింది 1816లో. పారిస్‌లో లెనెక్ అనే డాక్టరుగారి దగ్గరికి గుండెజబ్బుతో ఒక యువతి వచ్చింది. ఆ రోజుల్లో డాక్టర్లు రోగి రొమ్ముమీద చెవి ఆనించి వినేవారు. వయసులో వున్న ఆడపిల్లాయె, ఆయనకి మొహమాటమయింది. ఒక కాగితాల దొంతరని గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె రొమ్ముమీదా, ఇంకో కొస తన చెవికీ పెట్టుకున్నాడు. చెవి ఆనించినప్పటికంటే స్పష్టంగా వినిపించింది! అదే స్టెతస్కోపుకి నాంది. 1819లో ఆయన పుస్తకం వెలువడింది. రొమ్ములో వినబడే గురగురలకీ, ఈలలకీ, చిటపటలకీ ఒక్కొక్కదానికీ పేరు పెట్టాడు. అంటే మన అమ్మమ్మలు చేసిన పనే చేశాడన్నమాట. పాపం, ఆయన కూడా ఊపిరితిత్తుల క్షయతోనే 1826లో పోయాడు.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి మాత్రం ఇంకా తరవాతిది. ఆస్ట్రేలియాకి ఉత్తరాన పాపువా న్యూ గినీ అని కొండల దేశం వుంది. అక్కడ నెమ్ముతో చాలామంది పసిపిల్లలు పోతుండేవారు. అన్ని పల్లెలకీ ఎక్స్‌రే యంత్రాలు ఎక్కణ్ణించి తెస్తారు? స్టెతస్కోపు పట్టడం తెలిసినవాళ్ళు ఎంతమంది? ఫ్రాంక్ షాన్ అనే పిల్లల డాక్టరూ, ఆయన సహచరులూ దగ్గుతో వచ్చిన పిల్లల్ని పరీక్షించి ఏ గుర్తులు నమ్మదగినవో తేల్చి 1984లో ప్రచురించారు. యంత్రం ఏదీ అక్కర్లేని రెండు గుర్తులకు పెద్దపీట దక్కింది. ఒకటి, బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది? రెండు, ఊపిరి తీసినప్పుడు రొమ్ము కింది భాగం లోపలికి గుంజుకుపోతోందా?

చూశారా! రెండోది మా అమ్మ అడిగిన ప్రశ్నే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రెండు గుర్తుల్నీ తీసుకుని దేశదేశాల ఆరోగ్య కార్యకర్తలకి నేర్పించింది. ఇవాళ మన పల్లెల్లో ఆశా కార్యకర్తలకి నేర్పేదీ అదే. లెక్క మీరూ రాసిపెట్టుకోండి. రెండు నెలలు నిండని బిడ్డకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకి 50, ఏడాది నుంచి అయిదేళ్ళలోపు వారికి 40. ఈ అంకెకి చేరినా, దాటినా ఊపిరి వేగంగా వున్నట్టే. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా వున్నప్పుడు, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు. పసివాళ్ళ ఊపిరి ఒక్క తీరున నడవదు.

మన హైదరాబాదులో ఇలా డొక్కలెగరేసే పిల్లల్ని చంకనేసుకుని జిల్లాల నుంచి తల్లులు పరిగెత్తుకొచ్చేది రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ ఆస్పత్రికి. దానికి ఆ పేరెలా వచ్చిందో తెలుసా? నీలోఫర్ పరాయిదేశం నుంచి వచ్చిన కోడలు. టర్కీ సుల్తానుల వంశపు ఆడపడుచు. 1931లో ఏడో నిజాం రెండో కొడుకుని పెళ్ళాడి మన ఊరొచ్చింది. ఆమెకి పిల్లలు కలగలేదు. తన దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో సరైన వైద్యం అందక చనిపోతే, ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదని తల్లులకీ పిల్లలకీ ఆస్పత్రి కావాలని పట్టుపట్టింది. అది 1953లో వెలిసింది. పరాయి గడ్డమీద వున్న ఆడదానికి సాటి ఆడదాని కష్టం ఎలా తెలుస్తుందో చూడండి.

ఇక మన పిల్లలు పరాయి గడ్డకి వెళ్ళిన కథ. 1965లో అమెరికా వాళ్ళు వలస చట్టం మార్చారు. అంతకుముందు మనబోటి దేశాలవారిని ఏడాదికి వేళ్ళమీద లెక్కపెట్టేటంతమందినే రానిచ్చేవారు. చట్టం మారాక మన డాక్టర్లూ ఇంజినీర్లూ వరసగా వెళ్ళారు. వెనకాలే ఇరవై ఏళ్ళు, ఇరవై రెండేళ్ళ వయసున్న భార్యలు వెళ్ళారు. కాన్పులు అక్కడే. తెలుగువాళ్ళంతా ఒక సంఘంగా కూడుకుని తానా సభలు మొదలుపెట్టేసరికి 1977 అయింది. అంతదాకా పక్కింటి పిన్నిగారూ లేదు, ఎదురింటి అత్తయ్యగారూ లేదు.

ఆ రోజుల్లో వెళ్ళివచ్చిన ఒక పెద్దావిడ మా వీధిలోనే వుంటారు. ఆవిడ నవ్వుతూ చెప్పారు: “బాబుకి దగ్గు అని నీలం ఏరోగ్రాం రాసి పోస్టు చేసేదాన్ని. మా అమ్మ దగ్గర్నించి జవాబు వచ్చేసరికి దగ్గు తగ్గి, పళ్ళు రావడం మొదలయ్యేది. పళ్ళకి ఏం చెయ్యాలని మళ్ళీ ఇంకో ఉత్తరం!” నవ్వుతూనే అన్నారు గానీ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డాక్టర్ స్పాక్ అనే ఆయన 1946లో రాసిన పిల్లల పెంపకం పుస్తకం తలగడ పక్కన పెట్టుకుని ముగ్గుర్ని పెంచారట. పుస్తకంలో అన్నీ వున్నాయి. కానీ అర్ధరాత్రి పుస్తకం లేచొచ్చి బిడ్డ డొక్కలు చూడదు కదా!

ఇక్కడ మందుల చరిత్ర కూడా ఒకమాట చెప్పుకోవాలి. పరాయిదేశం వెళ్ళే కూతురి సూట్‌కేసులో మనం మొదట సర్దేవి మందులే కనక.

ఉబ్బసం మందులు మన దగ్గర్నించి వాళ్ళకీ, వాళ్ళ దగ్గర్నించి మనకీ చాలా ప్రయాణాలు చేశాయి. మద్రాసు వైపు ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చడం చూసి, 1802 ప్రాంతంలో జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఆ పద్ధతిని ఇంగ్లండు పట్టుకెళ్ళాడు. తరవాత నూరేళ్ళకి పైగా ఐరోపాలో ఉబ్బసం సిగరెట్లు అమ్ముడుపోయాయి. ఉమ్మెత్త విషం. ఇంట్లో ఎవరూ ముట్టుకోకండి. దాని కుటుంబపు మందుల్లోంచే ఇవాళ నెబ్యులైజరులో పోసే ఒక మందు తయారైంది. మన దొడ్లో పెరిగే అడ్డసరం ఆకులోని సారాన్ని చూసి జర్మనీవాళ్ళు బ్రోమ్‌హెక్సిన్ చేసి 1963లో అమ్మకానికి పెట్టారు. ఇవాళ దగ్గుమందు సీసామీద ఆ పేరు కనబడుతుంది. 1860లో ఇంగ్లండులో సాల్టర్ అనే డాక్టరు ఉబ్బసం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆయనకీ ఉబ్బసమే. చిక్కటి కాఫీ తాగితే ఆయాసం సర్దుకుంటుందని రాశాడు. మన ఫిల్టరు కాఫీ సంగతి ఆయనకి తెలియదు, పాపం!

అమెరికాలో 1955లో పదమూడేళ్ళ అమ్మాయి ఒకతి, తన ఉబ్బసం మందుని తల వెంట్రుకలకి కొట్టుకునే స్ప్రే లాగా డబ్బాలో ఎందుకు పెట్టరాదని నాన్నని అడిగింది. ఆ నాన్న మందుల కంపెనీ పెద్ద. మరుసటి ఏడాది, 1956లో ఇన్‌హేలర్ వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా జేబులో పెట్టుకు తిరుగుతున్న వస్తువు ఒక ఆడపిల్ల అడిగిన ప్రశ్న.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ వెళ్ళి మళ్ళీ స్వదేశం చూడలేదు. ఆయన బృందం 1947లో బోదకాలు పురుగుకి హెట్రజాన్ తీసుకొచ్చింది. రాత్రిళ్ళు దగ్గూ ఆయాసంతో నిద్రపట్టనివ్వని ఒక రకం ఈసినోఫీలియాకి కూడా అదే మందయింది. పరాయిదేశంలో వున్న తెలుగువాడు మనకి పంపిన కానుక అది.

ఇన్ని చెప్పినా, ఇవన్నీ పెద్దవాళ్ళ మందులూ, కాస్త పెద్దపిల్లల మందులూ. ఏడు నెలల బిడ్డ సంగతి వేరు. ఇక్కడే మనం పొరబడేది.

పెద్దవాళ్ళ ఉబ్బసంలో గాలిగొట్టం చుట్టూ వుండే కండరం బిగుసుకుంటుంది. మందు దాన్ని సడలిస్తుంది. ఏడాదిలోపు బిడ్డకి జలుబు దిగి పిల్లికూతలు వచ్చినప్పుడు చాలాసార్లు జరిగేది అది కాదు. దారాల్లాంటి సన్నగొట్టాలు వాచి, వాటిలో కఫం నిండుతుంది. కండరం సడలించే మందు వేసినా వాపు అలాగే వుంటుంది. దీన్ని డాక్టర్లు బ్రాంకియోలైటిస్ అంటారు. దీనికి ఎక్కువసార్లు కారణమయ్యే క్రిమి ఆర్.ఎస్.వి. దాన్ని 1956లో మొదట చింపాంజీల్లో కనుక్కున్నారు. మరుసటి ఏడాదికల్లా బాల్టిమోర్‌లో పసిపిల్లల్లో చూపించారు. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లో స్పష్టంగా రాసింది: ముక్కు శుభ్రం చెయ్యండి, పాలు నీళ్ళు తగ్గనివ్వకండి, కావలసినవాళ్ళకి ఆక్సిజన్ పెట్టండి, మిగిలిన మందులు అలవాటుగా వాడకండి అని. మా చెల్లెలికి ఆ డాక్టరు మందు ఇవ్వకపోవడం నిర్లక్ష్యం కాదు. మనమే చీటీ నిండా మందులు రాస్తే గాని వైద్యం అనుకోం.

కానీ “కనిపెట్టి చూడండి” అన్నారే, ఏం చూడాలో దానికి తెలియదు. పొద్దున డాక్టరు చూసినప్పుడు డొక్కలెగరెయ్యలేదు. రాత్రికి ఎగరేశాడు. మధ్యలో చూడవలసిన మనిషి తల్లి. ఆ చూపే మనం దానికి నేర్పకుండా విమానం ఎక్కించాం.

నేర్పకపోగా ఏం సర్దామో చెబుతాను వినండి. తేనెసీసా, వసకొమ్ము, కర్పూరం, ముక్కులో వెయ్యడానికి నూనె, దగ్గుమందు సీసాలు రెండు. నేనే సర్దాను, ఒప్పుకుంటున్నాను.

తేనె మంచిదే. కానీ ఏడాదిలోపు బిడ్డకి కాదు. తేనెలో వుండగల ఒక క్రిమి పసిబిడ్డ పేగుల్లో పెరిగి ఒళ్ళు చచ్చుబడేటట్టు చేస్తుందని 1976లో అమెరికాలో కనుక్కున్నారు. ముక్కులో, నోట్లో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి నెమ్ము చేస్తుందని మన దక్షిణాది పిల్లల్లోనే చూసి 1973లో వైద్య పత్రికలో రాశారు. కర్పూరం మింగితే మూర్ఛ వస్తుంది. మనం మన వస్తువే అనుకునే విక్స్ కూడా 1890లలో అమెరికాలో నార్త్ కెరొలైనా రాష్ట్రంలో రిచర్డ్‌సన్ అనే మందులాయన పిల్లల దగ్గు కోసమనే చేసింది. ఇప్పుడు దానిమీదే రెండేళ్ళలోపు పిల్లలకి వాడవద్దని వుంటుంది. చదివామా మనం?

అన్నిటికన్నా దగ్గుమందు సీసా చరిత్ర చెబితే ఒళ్ళు జలదరిస్తుంది. 1937లో అమెరికాలో ఒక తియ్యటి మందులో కలిపిన ద్రవం విషమై నూరుమందికి పైగా పోయారు. అందులో పసిపిల్లలెందరో. దానివల్లే మరుసటి ఏడాది అక్కడ మందుల చట్టం వచ్చింది. అదే విషం, డైఇథిలిన్ గ్లైకాల్, మళ్ళీ మళ్ళీ వచ్చింది. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశంలో డెబ్భైమంది దాకా పిల్లలు పోయారు. అక్కడికి వెళ్ళిన సిరప్పులు మన దేశంలో తయారైనవే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగి ఇరవైమందికి పైగా పసివాళ్ళు పోయారు. ఆ తల్లులు డాక్టరు రాసిచ్చిన మందే పోశారు, ఉగ్గుగిన్నెతో, ముద్దుచేస్తూ. మంచి సీసా అయినా మేలు లేదట. అమెరికా మందుల సంస్థ 2008లోనే రెండేళ్ళలోపు పిల్లలకి అంగడి దగ్గుమందులు వద్దంది. 2025 అక్టోబరులో మన ప్రభుత్వమూ అదే చెప్పింది. అయిదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా వద్దంది.

ఇంకొక విషయం చెప్పకపోతే హైదరాబాదు కథ పూర్తికాదు. మా చెల్లెలి అత్తగారు, అంటే మా అమ్మకి వదినగారు, “జూన్‌లో బిడ్డని తీసుకురమ్మనండి వదినగారూ, మృగశిర కార్తెకి చేపమందు వేయిద్దాం” అన్నారు. ప్రేమతో అన్న మాటే. బత్తిని వారి కుటుంబం 1845 నుంచి ఇస్తున్నామని చెప్పే మందు అది. చిన్న కొరమీను నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి, ప్రాణంతో మింగిస్తారు. పాతబస్తీలో దూద్‌బౌలి ఇంటి దగ్గర మొదలై, తరవాత నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వచ్చింది. ఎన్నెన్నో రాష్ట్రాల నుంచి వస్తారు. డబ్బు పుచ్చుకోరు. కరోనా ఏళ్ళలో ఆగి 2023లో మళ్ళీ జరిగింది. శాస్త్రవాదులు అభ్యంతరం చెప్పాక మందు అనడం మాని ప్రసాదం అంటున్నారు.

నేను ఎవరి నమ్మకాన్నీ తప్పుపట్టను. కానీ ఒక లెక్క చెబుతాను. అమెరికాలో టూసాన్ అనే ఊళ్ళో పుట్టిన పిల్లల్ని ఏళ్ళతరబడి గమనించి 1995లో ఒక సంగతి రాశారు. మూడేళ్ళలోపు పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో సగానికి మించి ఆరో ఏటికి ఏ కూతలూ లేకుండా వున్నారు. ఎదిగేకొద్దీ గొట్టాలూ వెడల్పవుతాయి మరి. చేపప్రసాదం వరసగా మూడేళ్ళు తీసుకోవాలంటారు. రెండో ఏట మొదలుపెట్టిన బిడ్డ అయిదో ఏటికి బాగైతే, బాగుచేసింది చేపా, వయసా? మీరే ఆలోచించండి. పోతే, కదిలే చేపని ఏడాది బిడ్డ గొంతులో వెయ్యడం మాత్రం ఎవరూ ఒప్పుకోకూడదు. అమ్మ వదినగారితో అదే చెప్పింది, నొప్పించకుండా.

ఇక ఆ రాత్రి సంగతి. వాళ్ళు బిడ్డని కారులో వేసుకుని ఆస్పత్రికి వెళ్ళారు. ఆ చలికాలం అమెరికాలో పిల్లల ఆస్పత్రులన్నీ ఈ జబ్బుతోనే కిక్కిరిసివున్నాయి. వాకిట్లోనే ఒక నర్సు బిడ్డని అందుకుంది. ఆమె చేసిన మొట్టమొదటి పనేమిటో మా చెల్లెలు తరవాత చెప్పింది. చొక్కా పైకెత్తి డొక్కలు చూసిందట. చేతి గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టిందట. వరసలో నిలబెట్టకుండా లోపలికి తీసుకుపోయిందట. బిడ్డ ఒంట్లో ఆక్సిజన్ తగ్గిపోయివుంది.

మూడురోజులు ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. పాలు తాగలేకపోతే నరం ద్వారా నీరు ఎక్కించారు. గంటగంటకీ ముక్కు శుభ్రం చేశారు. దగ్గుమందు ఒక్క చుక్క పొయ్యలేదు. నాలుగో రోజు పొద్దున, అంటే మాకు రాత్రి, వాడు పాలసీసా రెండు చేతులతో పట్టుకుని కెమెరాలోకి చూశాడు. ఇంకా కాస్త ఆలస్యం చేసివుంటే ఏమయ్యేదని మేమెవరం ఎవర్నీ అడగలేదు. అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

మరుసటి ఏడాది, 2023లో, ఆర్.ఎస్.వి. రాకుండా పసిబిడ్డలకి వేసే ఇంజెక్షను ఒకటి, కడుపుతో వున్న తల్లికి నెలలు నిండేముందు వేసే టీకా ఒకటి అమెరికాలో అనుమతి పొందాయి. ఈ టీకా కోసం 1960లలోనే ప్రయత్నించారు. 1966లో పరీక్షించిన టీకా మేలుకి బదులు కీడు చేసి ఇద్దరు పసివాళ్ళు పోయారు. అక్కణ్ణించి ఇక్కడికి రావడానికి యాభై ఏడేళ్ళు పట్టింది. పరాయిదేశంలో కోడలో కూతురో కడుపుతో వుంటే, ఈ సంగతి అక్కడి డాక్టర్ని అడగమని మరిచిపోకుండా చెప్పండి.

సోదరీమణులారా, సూట్‌కేసు సర్దేటప్పుడు సీసాలు తీసెయ్యండి. ఆవకాయ పెట్టండి, ఉగ్గుగిన్నె పెట్టండి, మెత్తటి పాతచీర ముక్కలు పెట్టండి. వాటితోపాటు ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టండి. ఊపిరి లెక్క 60, 50, 40. డొక్కలెగరేస్తున్నా, ముక్కుపుటాలు ఎగురుతున్నా, ప్రతి ఊపిరికీ మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా, మధ్యమధ్య ఊపిరి ఆగినా, పాలు సగానికి సగం తగ్గినా, చాలాసేపు ఉచ్చ పొయ్యకపోయినా, లేపినా లేవకుండా మగతగా వున్నా ఆలస్యం చెయ్యవద్దు. మూడు నెలలు నిండని బిడ్డకి జ్వరం వస్తే అప్పుడూ అంతే. ఫోను మనకి కాదు, ముందు అక్కడి డాక్టరుకి చెయ్యాలి. మనకి తరవాత చెయ్యొచ్చు.

ఇంకొక పని చెయ్యండి. బిడ్డ ఆరోగ్యంగా వున్నప్పుడే, నిద్రలో ఊపిరి ఎలా తీస్తోందో రోజూ కాసేపు చూడమనండి. మంచి ఊపిరి ఎలా వుంటుందో తెలిస్తేనే చెడ్డ ఊపిరి పట్టుబడుతుంది. మా అమ్మకి ఆ విద్య వాళ్ళమ్మ నేర్పింది. నేర్పినట్టు ఇద్దరికీ తెలియదు. పదిమంది పిల్లలున్న ఇంట్లో, రాత్రి ఒకరి బిడ్డ దగ్గితే నలుగురు ఆడవాళ్ళు లేచి దీపం తెచ్చి చూసేవారు. అలా వచ్చిందది. మన ఇళ్ళలో ఇప్పుడు ఆ పదిమందీ లేరు. మనమే కూచోబెట్టి, నోరువిడిచి చెప్పాలి.

మొన్న మా చెల్లెలు ఫోను చేసింది. అక్కడ వాళ్ళ పక్కింట్లో కొత్తగా వచ్చిన గుంటూరు అమ్మాయి వుందట. మూడు నెలల పాప. దగ్గుతోందని రాత్రి పదింటికి తలుపు కొట్టిందట. మా చెల్లెలు ఏం అడిగివుంటుందో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.